ప్రమోషన్ వద్దని ఎవరు రాయిస్తున్నారు?

ప్రశ్న: మాది రాయగడ. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. అమ్మాయి బీకాం చివరి సంవత్సరం. ఎంబీఏ చేసి మేనేజరు కావాలని, పదిమందిని నడిపించాలని దాని పట్టుదల. ఆడపిల్లకు బ్యాంకు క్లర్కు ఉద్యోగమే మేలు కదా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: బరంపురం నుంచి మల్కన్‌గిరి దాకా ఎందరో తండ్రులు నన్ను ఇదే అడిగారు. మీ భయం ఉద్యోగం గురించి కాదు, బదిలీ గురించి.

ముందు ఎంబీఏ సంగతి. దాని మీద నాకూ అనుమానాలున్నాయి. నాయకత్వం నేర్పుతామని లక్షలు తీసుకునే కాలేజీల నుంచి బయటికొచ్చిన పిల్లలు చాలామంది బీమా పాలసీలు అమ్ముతూ, చదువు అప్పు తీరుస్తూ కనిపిస్తారు. విశాఖ ఐఐఎం లాంటి చోట సీటొస్తే పంపండి. లేకపోతే మూడేళ్లు పనిచేశాక చదవనివ్వండి. తన కింద నలుగురున్నప్పుడు జరిగిన తప్పుకు తానే జవాబు చెప్పుకోవడం ఏ తరగతి గదిలోనూ రాదు.

క్లర్కు ఉద్యోగం మంచిదే. ఒడిశాలో దానికి ఒడియా రావాలి, బడిలో చదివిన మన పిల్లలకు అది అడ్డు కాదు. కానీ అక్కడే ఆపేయాలని ఎందుకు అనుకుంటున్నారు? గుణుపురం వైపు నుంచి బ్యాంకు క్లర్కుగా చేసే ఒకావిడ వచ్చి, మడతల దగ్గర చిరిగిన కాగితం నా ముందు పెట్టింది. ప్రమోషన్ వస్తే దూరానికి బదిలీ చేస్తారని, అది వద్దని రాసిచ్చిన దానికి నకలు. సంతకం ఆమెది, చేతిరాత వాళ్ల నాన్నది. ఆమె పని నేర్పిన కుర్రాడే ఇప్పుడు ఆమెకు మేనేజరు.

అబ్బాయిని బెంగళూరు పంపేటప్పుడు దూరమని నాకు ఉత్తరం రాశారా? రాయలేదు. అమ్మాయి విషయంలోనే దూరం గుర్తొచ్చిందంటే తప్పు మీదే, కోపం వచ్చినా సరే చెబుతున్నాను.

అయినా మీరు భయపడినంత ఏమీ లేదు. పెళ్లికాని ఉద్యోగినులు కోరుకుంటే తల్లిదండ్రులున్న చోటికి, పెళ్లయినవారు కోరుకుంటే భర్త ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా వేయాలని 2014లోనే కేంద్రం ప్రభుత్వ బ్యాంకులకు చెప్పింది. అరుంధతీ భట్టాచార్య 1977లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరు (పీవో)గా, అంటే శిక్షణలో ఉండే ఆఫీసరుగా చేరి, 2013లో ఆ బ్యాంకుకు తొలి మహిళా ఛైర్మన్ అయ్యారు. పిల్లల కోసం, పెద్దవాళ్ల కోసం ఉద్యోగినులు రెండేళ్ల దాకా సెలవు తీసుకునే వీలు కల్పించింది ఆవిడే.

డిగ్రీ చేతికి రాగానే పీవోకీ క్లర్కుకీ రెండింటికీ దరఖాస్తు చేయించండి. ఈలోగా అమ్మాయిని ఒకసారి నా దగ్గరికి తీసుకురండి. మాట్లాడేటప్పుడు మాత్రం మీరు బయట కూర్చోండి.