పొరలు కలవడమా, కలిసిపోవడమా?

సందేహం: "వైరస్ కణత్వచంలో విలీనమై లోపలికి ప్రవేశిస్తుంది" అని ఒక పాఠంలో రాశాను. విలీనం కాదు, సంలీనం అనాలని మిత్రుడు దిద్దాడు. ఏది సరి? కలయిక అంటే సరిపోదా?

సమాధానం: మీ మిత్రుడు దిద్దింది బాగానే ఉంది గానీ అసలు తప్పు కర్తలో ఉంది. కలిసేది వైరస్ అంతా కాదండీ, దాని పైపొర మాత్రమే. ఆ పొర కణం పొరతో ఒకటైతే, లోపలున్న జన్యుపదార్థం ఆ దారిన కణంలోకి దిగుతుంది. పోలియో వైరస్‌కు అలాంటి పొరే లేదు, దానికి ఈ మాటల్లో ఏదీ పనికిరాదు.

'విలీనం' అనగానే చిన్న బ్యాంకు పెద్ద బ్యాంకులో కలిసి పేరు పోగొట్టుకోవడం గుర్తొస్తుంది. కణంలో సరుకు మోసే వెసికిల్, అంటే చిన్న పొరసంచి, కణత్వచంతో కలిసి సరుకును బయటికి వదిలేటప్పుడు జరిగేది దాదాపు ఇదే కాబట్టి అక్కడ విలీనం అన్నా నేను తప్పు పట్టను. కానీ రెండు వెసికిల్స్ ఒకదానితో ఒకటి కలిస్తే ఏది దేనిలో విలీనమైనట్టు? అందుకే అన్నిటికీ 'సంలీనం' నయం, కేంద్రక సంలీనం అని భౌతికశాస్త్రంలో ఎలాగూ అలవాటైందే. విభక్తి కూడా మారుతుంది చూడండి: దేనిలోనో విలీనం, దేనితోనో సంలీనం.

కలయిక చాలదు. నిన్న వాణ్ణి కలిశాను అంటే ఇద్దరం ఒకటైపోలేదు కదా! తేలిక మాట కావాలంటే 'కలిసిపోవడం' అనండి, బలమంతా ఆ 'పో'లోనే ఉంది.

నాకైతే ఇదంతా సంధి ప్రకరణంలా కనిపిస్తుంది. వైరస్ కణానికి అంటుకోవడం 'మాయమ్మ' లాంటిది, మధ్యలో యకారం వచ్చిందే గానీ అచ్చులు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అసలు సంలీనం సవర్ణదీర్ఘం: రెండు పొరలూ రెండేసి వరసల కొవ్వు అణువులే, ఒకే జాతివి, కలిస్తే ఒకే పొడుగాటి పొర. మధ్యలో, ఎదురెదురు వరసలు కలిసి అవతలి వరసలు ఇంకా విడిగా ఉండే దశ ఒకటుంది, వ్యాకరణంలో దానికి సాటి నాకు దొరకలేదు, 'అర్ధసంలీనం' అనుకోవచ్చు.

క్రియ దగ్గరా జాగ్రత్త. పొరల మధ్య నీటిని తొలగించి వాటిని దగ్గరికి లాగేవి ప్రొటీన్లు: వెసికిల్స్‌కు స్నేర్ ప్రొటీన్లు, ఫ్లూ వైరస్‌కైతే ఆమ్లం తగలగానే ఆకారం మార్చుకునే హీమాగ్లుటినిన్. కాబట్టి పొరలు సంలీనమవుతాయి, ప్రొటీన్లు సంలీనం చేస్తాయి. 'సంలీనం చెందబడతాయి' మాత్రం దయచేసి వద్దు.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: "వైరస్ పైపొర కణత్వచంతో సంలీనమై, దాని జన్యుపదార్థం కణంలోకి చేరుతుంది."