ఒకే పురుగుకి రెండు శాస్త్రీయ నామాలు కనిపిస్తే ఏది రాయాలి?

ముందు పెట్టిన పేరే రాయాలి, రెండోది సినానిమ్, అంటే అదే పురుగుకి తర్వాత పడ్డ అదనపు పేరు. మామూలుగా అదే రూలు. కానీ ఆ రెండూ ఒకటేనని ముందు తెలియాలి కదా, నా కొంప మునిగింది అక్కడే.

ఎమ్మెస్సీలో నా టాపిక్ పేనుబంకని తినే మిత్ర పురుగులు. గోధుమ రంగు అల్లిక రెక్కల పురుగుల మీద థీసిస్‌లో ఒక టేబుల్ పెట్టా. ఒక వరుసలో మైక్రోమస్ వినాసియస్, హవాయి. దాని కిందే మైక్రోమస్ టిమిడస్, అదీ హవాయే. పాత పేపర్లలో ఒక పేరు, కొత్తవాటిలో ఇంకోటి ఉంటే రెండూ ఎక్కించేసి, పైగా "హవాయిలో రెండు జాతులు" అని డిస్కషన్‌లో పేరా కూడా దంచా. వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ పెన్సిల్‌తో ఆ రెండు వరుసల్నీ కలిపి గీత గీసి, "రెండిటినీ 1919లోనే, ఆస్ట్రేలియా నుంచే తెచ్చారా బాబూ?" అన్నారు. అవును సార్ అన్నా, ధైర్యంగా! పక్కన మా గైడ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

రెండూ ఒకే పురుగట! టిమిడస్ హేగన్ 1853లో పెట్టిన పేరు, వినాసియస్ తర్వాత గెర్‌స్టేకర్ పెట్టింది. పేరు వెనకాల ఆ మనిషి, ఆ సంవత్సరం ఎందుకు రాస్తారో ఆ రోజు అర్థమైంది, అప్పటిదాకా అలంకారం అనుకున్నా.

అయినా ఒకే పురుగుకి రెండు పేర్లు పెట్టిన పాతవాళ్లనీ తప్పు పట్టలేం. ఇవి కోశం నుంచి అప్పుడే బయటికొచ్చినప్పుడు పాలిపోయి ఉంటాయి, రెక్క మీద మచ్చలు తర్వాత ముదురుతాయి, ఆల్కహాల్‌లో పెడితే మళ్లీ వెలిసిపోతాయి. వీటిలోనే సెక్ట్రా డిప్టెరా అనే జాతి అయితే మరీ దారుణం, కొన్నిటికి వెనక రెక్కలు పూర్తిగా ఉంటాయి, కొన్నిటికి పేరుకి మాత్రమే ఉంటాయి, అలాంటిదాన్ని చూసే "రెండు రెక్కలది" అని పేరు పెట్టేశారు. అందుకే రంగు చూసి తేల్చేవాళ్లని నేను నమ్మను, మగపురుగు పొట్ట చివర కోసి జననాంగాల ఆకారం చూడాల్సిందే. నేనూ చూశా, మెత్తటి కండ కరగడానికి పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడికి పెట్టి టీకి వెళ్లొచ్చేసరికి చూడ్డానికి ఏం మిగల్లేదు, అది వేరే కథ.

ఇంకో మంట. మన దగ్గర పచ్చ అల్లిక రెక్కల పురుగుని క్రైసోపెర్లా కార్నియా అనే నేర్పారు. అది జాస్ట్రోవి సిలెమి అని తేల్చారు, అవి జతకట్టే ముందు పొట్ట అదిలించి చేసే చప్పుడు బట్టి! అయినా కార్నియా అనే రాసేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. బెంగళూరులో వీటి మీద పనిచేసే సంస్థే పీడీబీసీ, ఎన్‌బీఏఐఐ, ఎన్‌బీఏఐఆర్ అని మూడు పేర్లు మార్చుకుంది, ఇంక పురుగుల్ని ఏమంటాం.

నా టేబుల్‌లో ఒక వరుస, డిస్కషన్‌లో ఒక పేరా ఎగిరిపోయాయి. రెండోసారి బైండింగ్ ఖర్చు మాత్రం నాదే.