క్రిస్మస్ చెట్టు ఆచారం ఎక్కడ పుట్టింది? జర్మన్ పాట ‘ఓ టన్నెన్‌బౌమ్’ అసలు క్రిస్మస్ పాటేనా?

ముందు పాట సంగతి. టన్నెన్‌బౌమ్ అంటే ఫర్ చెట్టు, చలికాలంలోనూ పచ్చగా ఉండే చెట్టు. పుట్టినప్పుడు క్రిస్మస్ పాట కాదు, ప్రేమలో దెబ్బతిన్నవాడి పాట.

నేను జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఎమ్మెస్ చేసేటప్పుడు మా ఇంటి ఓనరు, డెబ్భై దాటిన పెద్దావిడ, డిసెంబరు 24 సాయంత్రం భోజనానికి పిలిచింది. మెప్పిద్దామని యూట్యూబ్‌లో చూసి ఈ పాట బట్టీపట్టి వెళ్లాను. ‘ఓ ఫర్ చెట్టూ, నీ ఆకులెంత పచ్చన’ అన్నానో లేదో ఆపేసింది. ‘‘గ్ర్యూన్ కాదు, ట్రోయ్’’ అంది. గ్ర్యూన్ అంటే పచ్చన, ట్రోయ్ అంటే మాట తప్పనిది, నమ్మకమైనది. ఆకులకు నమ్మకమేంటండీ అంటే అప్పుడు చెప్పింది అసలు కథ.

ఫర్ చెట్టు మీద జానపదాలు 16వ శతాబ్దం నుంచే ఉన్నాయి. 1820 ప్రాంతంలో త్సార్నాక్ అనే ఆయన వాటిని ఆధారం చేసుకుని ఓ విరహగీతం కట్టాడు. మొదటి చరణంలో ఎండకీ మంచుకీ రంగు మారని చెట్టుని పొగిడి, రెండో చరణంలో అమ్మాయిని దులిపేస్తాడు: నాకు బాగున్నప్పుడు ఒట్లు పెట్టావు, చితికిపోగానే వెళ్లిపోయావు అని. 1824లో లైప్‌జిగ్‌లోనే టీచరుగా, చర్చిలో ఆర్గాన్ వాయిస్తూ ఉన్న ఎర్న్‌స్ట్ ఆన్‌ష్యుట్స్ మొదటి చరణం ఉంచుకుని, అమ్మాయిని తీసేసి, పిల్లలు పాడుకునేలా రెండు చరణాలు చేర్చాడు. క్రిస్మస్ అన్న మాట వచ్చేది అక్కడే. ఏసు పేరు మాత్రం పాట మొత్తంలో లేదు. అమ్మాయి పోయినా ‘ట్రోయ్’ మిగిలింది, తర్వాత జనం నోట్లో అదీ ‘గ్ర్యూన్’ అయిపోయింది. అన్నట్టు, బ్రిటన్ లేబర్ పార్టీ వాళ్ల ‘రెడ్ ఫ్లాగ్’ పాడేదీ ఈ బాణీలోనే.

ఇక చెట్టు. రైన్ నది పక్కన, ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న అల్సాస్ ప్రాంతంలో పాత ఆధారాలు దొరుకుతాయి. 1605 నాటి ఓ రాతలో అక్కడి స్ట్రాస్‌బుర్గ్ జనం ఇళ్లలో ఫర్ చెట్లు నిలబెట్టి కాగితం గులాబీలు, ఆపిల్స్, చక్కెర మిఠాయిలు వేలాడదీసేవాళ్లని ఉంది. ఆపిల్స్ ఎందుకంటే, డిసెంబరు 24 ఆదాము హవ్వల రోజు. ఆ కథ నాటకంగా ఆడేటప్పుడు ఏదెను తోట చెట్టుగా ఫర్ చెట్టుకే ఆపిల్స్ కట్టేవాళ్లు, ఆ చలికి పచ్చగా ఉండేది అదే కదా. చెట్టుకి కొవ్వొత్తులు మొదట పెట్టింది మార్టిన్ లూథర్ అన్నది ఒట్టి కథే. గాజు బంతులు 19వ శతాబ్దంలో జర్మనీలో లౌషా అనే ఊళ్లో మొదలయ్యాయి.

ఆవిడ ఇంట్లో ఇప్పటికీ నిజం కొవ్వొత్తులే. కొమ్మలకి క్లిప్పులతో బిగించి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని, పైనుంచి కిందికి వెలిగించింది. కిందివి ముందు వెలిగిస్తే పైవాటికి చెయ్యి చాపినప్పుడు చొక్కా చెయ్యి అంటుకుంటుందట. చెట్టు పెట్టేది కూడా ఆ రోజే. భోజనం చూసి మాత్రం నీరుగారిపోయాను. బంగాళాదుంపల సలాడ్, సాసేజీలు! అంత పండక్కి!

మా బాపట్ల వైపు సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు అని ఫొటో చూపిస్తే కళ్లజోడు పైకి తోసుకుని చాలాసేపు చూసింది. ‘‘ఇదీ ట్రోయేనా?’’ అంది. కొట్టిన నాలుగో రోజుకే ఎండి ఇల్లంతా రాలుతుందని చెప్పక తప్పలేదు.