సబ్బు మీద పీహెచ్‌డీ చేస్తే తిండి పెడుతుందా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది. మెంబ్రేన్ ప్రోటీన్ల కోసం డిటర్జెంట్లు తయారుచేసే రిసెర్చ్‌లోకి వెళ్తానంటోంది. సబ్బుల మీద పీహెచ్‌డీ ఏమిటండీ? దానికన్నా ఎమ్మెస్సీ బయోటెక్ నయమా?

జవాబు: సబ్బు జాతే గానీ, బట్టలకు పెట్టేది కాదండీ. మనం మింగే మందుల్లో చాలా భాగం పనిచేసేది కణం పొరలో ఇరుక్కుని ఉండే ప్రోటీన్ల మీదే. వాటి ఆకారం చూడాలంటే ముందు పొరలోంచి బయటికి లాగాలి. కొవ్వు మధ్య బతికే ప్రోటీన్ ఉత్త నీళ్లలో పడితే ముద్దకట్టిపోతుంది. డిటర్జెంట్ దాని చుట్టూ చేరి కాపాడాలి. ఎస్‌డీఎస్ లాంటి ఘాటైనది వేస్తే ప్రోటీన్ మడతలే విప్పేస్తుంది. మరీ మెతకదైతే పొరలోంచి ఊడదీయలేదు.

ఏళ్ల తరబడి అందరూ డీడీఎం అనే మెతక డిటర్జెంట్ వాడారు. పన్నెండు కార్బన్ల తోక ఒకటి, చక్కెర తల ఒకటి. 2010లో రెండు తోకలు, రెండు తలలు ఒకే కార్బన్ దగ్గర కలిపి ఎల్‌ఎంఎన్‌జీ అనే కొత్త డిటర్జెంట్ చేశారు. ఇది ప్రోటీన్‌ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. 2011లో బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్ అనే పొర ప్రోటీన్, కణం లోపలికి సంకేతం చేరవేసే జీ ప్రోటీన్‌తో జతగా ఉన్న రూపం బయటపడడంలో దీని పాత్ర ఉంది. ఆస్తమా ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్ పనిచేసేది ఆ రిసెప్టర్ మీదే. మరుసటి ఏడాది ఇలాంటి రిసెప్టర్ల మీద పనిచేసిన కోబిల్కా, లెఫ్కోవిట్జ్‌లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

అలాంటి అణువును కట్టడానికి ఆర్గానిక్ కెమిస్టు కావాలి. అందుకే బయోటెక్ వద్దంటాను. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష జామ్ రాసి ఆర్గానిక్‌లో ఎమ్మెస్సీ గానీ, ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ గానీ చూడమనండి. ప్రోటీన్ల పని పక్కనే నేర్చుకోవచ్చు. ఐఐఎస్సీ మాలిక్యులర్ బయోఫిజిక్స్ యూనిట్, జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్, అక్కడి క్రయో-ఈఎం (ప్రోటీన్‌ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసే) కేంద్రం అన్నీ మీ ఊళ్లోనే ఉన్నాయి కదా. ఇప్పుడు ఎస్‌ఎంఏ అనే రకం పాలిమర్లు డిటర్జెంట్ లేకుండానే పొర ముక్కతో సహా ప్రోటీన్‌ని తీస్తున్నాయి. రేపు గిరాకీ అటు మళ్లినా ఆ పాలిమర్ చేసేదీ కెమిస్టే.

ముందు మాత్రం ఓ వేసవి ల్యాబ్‌లో గడపనివ్వండి. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి అప్లై చేయించండి. నాలుగు డిగ్రీల కోల్డ్ రూమ్‌లో స్వెటర్ వేసుకుని, ప్రోటీన్లను సైజును బట్టి వేరుచేసే గొట్టం (కాలమ్) ముందు నిలబడే పని అది. డిటర్జెంట్ కుదిరితే గ్రాఫ్‌లో నిటారుగా ఒకే శిఖరం లేస్తుంది. కుదరకపోతే ముద్దకట్టిన ప్రోటీన్ అన్నిటికంటే ముందే కాలమ్ దాటి దిగిపోతుంది. నెలల తరబడి ఈ రెండోదే కనబడొచ్చు. అది చూసి కూడా మళ్లీ వెళ్తానందంటే మీరు అడ్డుపడకండి.

ఇక డబ్బు సంగతి. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000, పైన ఇంటద్దె అలవెన్సు. పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడితో పోల్చుకుంటే నిద్రపట్టదు, పోల్చకండి. ‘డిటర్జెంట్ డిజైనర్’ అని ఉద్యోగ ప్రకటనలు పడవు. కానీ సింథసిస్ చేయి తిరిగినవాళ్లకు సింజీన్ లాంటి మందుల పరిశోధన కంపెనీల్లో చోటుంటుంది. జేఆర్‌ఎఫ్ కోసం రాసే నెట్ పరీక్ష మాత్రం కెమికల్ సైన్సెస్‌లోనే రాయమనండి. లైఫ్ సైన్సెస్ సిలబస్ కొత్తగా మొదలుపెడితే ఒక ఏడాది దానికే పోతుంది.