ముఖం రినైసాన్స్, ఒళ్లు గోథిక్

ప్రశ్న: ఫ్లోరెన్స్‌లోని సాంటా మరియా నొవెల్లా రినైసాన్స్ చర్చి అంటారు కదా, లోపలి కమానులు మొనదేలి ఉన్నాయేం?

జవాబు: ఒళ్లు గోథిక్కే, అంటే మొనదేలిన కమానుల మధ్యయుగపు శైలి. ముందుగోడ పైభాగమే రినైసాన్స్, అంటే ప్రాచీన రోమన్ పద్ధతిని తిరిగి తెచ్చిన 15వ శతాబ్దపు ఇటలీ శైలి. డొమినికన్ అనే క్రైస్తవ సంఘపు సన్యాసులు 13వ శతాబ్దంలో మొదలుపెట్టిన కట్టడం అది. ముందుగోడ కింది భాగం, మొన కమానుల సమాధి గూళ్లతో సహా, వాస్తుశిల్పి అల్బెర్తి చేతికొచ్చేనాటికే ఉంది. జొవాన్ని రుచెల్లాయ్ అనే వర్తకుడు డబ్బు పెడితే, పాతదాన్ని కూల్చకుండానే అల్బెర్తి పైభాగం పూర్తిచేశాడు. రుచెల్లాయ్ పేరూ, 1470 అన్న సంవత్సరం రోమన్ అంకెల్లోనూ పైన చెక్కి ఉన్నాయి.

అసలు చిక్కు ఎత్తుల్లో ఉంది. నడిమి నడవ ఎత్తు, పక్క నడవలు పొట్టి. పై అంతస్తును ఊరికే నిలబెడితే రెండు పక్కలా కప్పుల వాలు బయటపడుతుంది. అందుకే ఇరువైపులా చుట్ట తిరిగిన ఆకారపు పెద్ద రాతి పలకలు పెట్టి కప్పేశాడు. ఆ తర్వాత ఎన్నో చర్చిలు ఈ ఉపాయాన్నే ఎత్తుకున్నాయి. ముందుగోడ ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. ఆ చతురస్రంలో సగం భుజం ఉన్న చిన్న చతురస్రాలు కింద రెండు, పైన ఒకటి పడతాయి. ఫోటో మీద స్కేలు పెట్టి మీరే గీసి చూడండి.

ప్రశ్న: అదే చర్చిలో చిత్రకారుడు మసాచ్చో వేసిన 'త్రిత్వం' (సిలువ మీది క్రీస్తు, తండ్రి దేవుడు, పవిత్రాత్మల గోడబొమ్మ) చూస్తే గోడలోకి గది తవ్వినట్టుంది. బొమ్మతో అంత లోతు ఎలా తెచ్చాడు?

జవాబు: దారంతో! పైకప్పు గళ్ల గీతలన్నీ సిలువ అడుగున ఒక్క చుక్క దగ్గర కలుస్తాయి. ఆ చుక్క నేలమీద నిలబడ్డవాడి కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది, అందుకే కప్పును కింద నుంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. దారం లాగి నొక్కిన గాట్లు, మొనతో గీసిన గీతలు గచ్చులో ఇప్పటికీ ఉన్నాయి. మరియ ముఖం మీదైతే గళ్లే గీశాడు, వాలుగా కనిపించే ముఖాన్ని కొలిచి దించడానికి.

ఇది ఫ్రెస్కో పని, అంటే తడి గచ్చు మీద వేసే బొమ్మ, సుమారు 1425–27 నాటిది. ఆ రోజు వేయగలిగినంత మేరకే సన్న గచ్చు పూస్తారు. తడి ఆరకముందే రంగు పడాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి గట్టిపడుతూ రంగును తనలో బిగించుకుంటుంది. ఆలస్యమైతే రంగు పొడిలా పైనే ఉండిపోతుంది. పని పైనుంచి కిందికి సాగాలి, లేకపోతే చుక్కలు కారి కింది బొమ్మ పాడవుతుంది. అజురైట్ అనే ఖనిజపు నీలానికి సున్నం పడదు. గచ్చు ఆరాక జిగురుతో వేస్తారు కాబట్టి ముందు రాలేది ఆ నీలమే.

ఈ బొమ్మకు మాత్రం మనుషుల చేతుల్లోనే ఎక్కువ దెబ్బ తగిలింది. 1570 ప్రాంతంలో వసారి అనే చిత్రకారుడు, వాస్తుశిల్పి దీని ముందు కొత్త బలిపీఠం కట్టించాడు. 19వ శతాబ్దంలో దాన్ని తీశాక, బొమ్మను గోడ నుంచి ఊడదీసి తలుపుల గోడకు మార్చారు. ఆ మార్పిడిలో చాలా నష్టం జరిగింది. అడుగున గీసిన అస్థిపంజరం పాత చోటనే మరుగున ఉండిపోయింది. అది బయటపడ్డాక, 1952లో పై బొమ్మను తిరిగి అక్కడికే చేర్చారు. ఎడమ పక్క నడవలో, గోడకు ఆనుకుని కాకుండా వెనక్కి, బొమ్మకు ఎదురుగా నిలబడి చూడండి. పక్కకు జరిగితే లోతు చెదురుతుంది.

ప్రశ్న: లోపలి నడవ నిజంగా అంత పొడవా?

జవాబు: పొడవే, సుమారు 100 మీటర్లు. దానికి తోడు కంటి మాయ ఒకటి ఉంది: తలుపు దగ్గర స్తంభాల మధ్య దాదాపు 15 మీటర్ల ఎడం, పీఠం వైపు వెళ్లేకొద్దీ అది 11 మీటర్ల చిల్లరకు తగ్గుతుంది. పీఠం దగ్గర నిలబడి వెనక్కి తిరిగి చూస్తే అదే నడవ పొట్టిగా కనిపిస్తుంది.