అలివేలా, అలమేలా?

సందేహం: మాకు పాప పుట్టింది. మా వారి నాయనమ్మ పేరు అలివేలు మంగతాయారు. పాపకు ఆ పేరే పెట్టాలని మామగారి కోరిక. మా పుట్టింటి వాళ్లు "మరీ ముసలమ్మల పేరు" అంటున్నారు. ఒకరేమో "అలివేణి చెడిపోయి అలివేలు అయింది, అలివేణి అనే పెట్టండి" అన్నారు. ఇంకొకరు "అది తమిళుల పేరు, మనకెందుకు" అన్నారు. అసలు ఈ పేరుకు అర్థం ఏమిటి? అలివేలు, అలిమేలు, అలమేలు అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది రాయాలి? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు అలివేణి సంగతి తేల్చేద్దాం. అలి అంటే తుమ్మెద, వేణి అంటే జడ. తుమ్మెదల బారులా నల్లగా నిగనిగలాడే జడ కలది అలివేణి. నీలవేణి లాంటిదే ఇదీ. అచ్చమైన సంస్కృత సమాసం. ప్రబంధ కవులు నాయికను పిలవడానికి ఇష్టంగా వాడుకున్న మాట. మంచి పేరే, కానీ వేరే పేరు. 'ణి' కాస్తా 'లు' అయ్యే దారి తెలుగులో లేదు. వేణి అనే అమ్మాయిని వేణమ్మ అంటారు, వేణక్క అంటారు, వేలు అని ఎవరూ పిలవరు. రెండు పేర్లకూ మొదటి మూడక్షరాలు కలిశాయి, పొరపాటు అక్కడే పుట్టింది. అలాగే చివరి 'వేలు'ను చూసి చేతివేలనో, వెయ్యికి బహువచనమనో అర్థం చెప్పేవాళ్లున్నారు. 'తుమ్మెద వేలు' అన్నా 'వేల తుమ్మెదలు' అన్నా ఆడపిల్ల పేరుగా అతకదు. పైగా సంస్కృతపు 'అలి'కి తెలుగు 'వేలు'ను తగిలిస్తే వైయాకరణులు వైరి సమాసమంటారు.

ఈ పేరు అలర్‌మేల్‌మంగై. తమిళంలో అలర్ అంటే విచ్చుకున్న పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే పడుచు. పువ్వు మీద కొలువైన అమ్మ, అంటే లక్ష్మి. సంస్కృతంలో పద్మాసన, పద్మాలయ అన్నా ఇదే భావం. తిరుచానూరు పద్మసరోవరంలో అమ్మవారు బంగారు తామరలో వెలిసిందని స్థలపురాణం. ఏటా కార్తిక శుద్ధ పంచమినాడు అక్కడ పంచమీతీర్థం జరుగుతుంది. ఆ తల్లికి పద్మావతి, అలమేలుమంగ అని రెండు పేర్లూ ఉన్నాయి, ఊరిని అలమేలుమంగాపురం అని కూడా అంటారు. తమిళ వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారు తన కావ్యం తిరువాయ్‌మొళిలో వేంకటేశ్వరుణ్ని శరణు వేడే పాశురం (పద్యం) "అగలగిల్లేన్ ఇఱైయుమ్ ఎన్ఱు అలర్‌మేల్‌మంగై ఉఱై మార్బా" అని మొదలవుతుంది. 'క్షణమైనా విడిచి ఉండలేనంటూ అలర్‌మేల్‌మంగ నివసించే వక్షం కలవాడా' అని దాని భావం.

ఈ పేరు తెలుగు నోటికి వచ్చిన తీరు చూడండి. తెలుగు మాట అచ్చుతో ముగియాలి. కాల్ మనకు కాలు, నూల్ మనకు నూలు. అలాగే మేల్ మేలు అయింది. తమిళంలో చివర ఐ ఉన్నచోట మనకు అ ఉంటుంది: తలై–తల, వలై–వల. మంగై అలాగే మంగ. పలకడానికి అడ్డం వచ్చిన రేఫ (ర్) జారిపోయి అలమేలు మిగిలింది. తమిళుల వాడుకలోనూ అలమేలు ఉంది. ఇక మాట నడుమ 'మ' మన వాడుకలో 'వ' కావడం రోజూ వింటున్నదే: మామయ్య–మావయ్య, మామిడి–మావిడి, చలిమిడి–చలివిడి, ఏమండీ–ఏవండీ. మేలు వేలు అయింది ఇలాగే. నడిమి 'ల' 'లి' కావడానికి ఒక్క కారణం చాలదు. తెలుగులో మధ్యనుండే హ్రస్వాచ్చుకు నిలకడ తక్కువ: మనిషి ఒకరైతే ఇకారం, మనుషులు పలువురైతే ఉకారం. పక్కనే ఇకారంలా తాలవ్యమైన (అంగిలి దగ్గర పలికే) ఏకారం ఉండడంతో అకారం ఇకారం వైపు ఒరిగిందని నా అభిప్రాయం. చెవికి అలవాటైన అలివేణి కూడా కొంత సాయపడి ఉండవచ్చు. కాబట్టి అలమేలు, అలిమేలు, అలివేలు ఒకే మాట దిగివచ్చిన మూడు మెట్లు. ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అనడానికి వీల్లేదు. తప్పనదగినవి వేరే ఉన్నాయి: 'అళివేలు' తప్పు, ఎందుకంటే మూలంలో రెండు చోట్లా తేలిక లకారమే ఉంది. 'ఆలివేలు' తప్పు, మొదటి అచ్చు ఎన్నడూ దీర్ఘం కాదు.

'తమిళుల పేరు' అన్న అభ్యంతరానికి అన్నమయ్య పల్లవి ఒకటి చాలు:

అలరులు కురియగ నాడెనదే
అలకల కులుకుల నలమేలుమంగ

అలరులు కురుస్తుండగా అలమేలుమంగ ఆడిందట. మొదటి మాటలోని అలరు తెలుగు నిఘంటువుల్లో ఉన్న మాటే, పువ్వని అర్థం. మన్మథుణ్ని అలరువిలుకాడు అన్నది ఈ మాటతోనే. 'ప్రేక్షకులను అలరించింది' అని ఇప్పుడు మనం రాసే క్రియ కూడా ఈ కుదురులోదే. అలరును మొదట పెట్టి, అలమేలును చివర నిలిపిన ఆ కవికి పేరులోని పువ్వు తెలియకపోలేదని నా నమ్మకం. మేలుకు పై అనే అర్థం మేలుకట్టులో ఉంది: మేలుకట్టు అంటే పైన కట్టే చాందినీ. అంటే మూడు ముక్కల్లో రెండింటికి మన ఇంట్లోనే చుట్టాలున్నాయి. అన్నమయ్య (1408–1503) సంకీర్తనల నిండా ఈ పేరే. ఇన్ని వందల ఏళ్లు తెలుగువాళ్లు బిడ్డలకు పెట్టుకున్న పేరు పరాయిది ఎలా అవుతుంది? శ్రీవైష్ణవం వెంట ఇలా వచ్చి స్థిరపడ్డ పేర్లు ఇంకా ఉన్నాయి. ఆండాళ్ ఆండాళమ్మ అయింది, నాచ్చియార్ నాంచారమ్మ అయింది, కంచి పెరుందేవి తాయారు మన ఇళ్లలో పేరిందేవి అయింది. తాయారు అంటే గౌరవంగా తల్లి. అందువల్ల తాయారమ్మలో తల్లి రెండుసార్లు ఉంది.

మీ వారి నాయనమ్మగారి పేరును మూడు పేర్ల మూటగా చూడకండి. అలివేలుమంగ ఒక పేరు, తాయారు గౌరవం. ఇందులో అలివేలు అన్నంతవరకే తీసుకుంటే 'పువ్వు మీద' అని మాత్రమే అర్థం. మనిషి ఉన్నది మంగలో. తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు. ఏడుకొండలవాడి పేరు పెట్టుకుని ఏడుకొండలు అని పిలుస్తాం, కొండలు మిగిలి 'వాడు' జారిపోయినా పిలుపు తెగలేదు.

ముసలమ్మల పేరు అన్న మాట నాకు బాధ కలిగించింది. తమిళులు స్త్రీ వయసును పేదై మొదలు పేరిళంపెణ్ దాకా ఏడు దశలు చేశారు. అందులో మూడోది మంగై, అంటే పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. పేరులో వార్ధక్యం లేదు. ఒక తరం ఆ పేరు పెట్టడం మానేసింది, దాంతో ఆ పేరున్నవాళ్లంతా పెద్దవాళ్లయ్యారు, అంతే. మీ పాప చదివే బడిలో ఈ పేరుతో ఇంకో పిల్ల ఉండకపోవచ్చు. అది నష్టమని నేననుకోను.

రాత విషయానికి వస్తే, ఇంట్లో నాయనమ్మగారిని ఎలా పిలిచేవారో అదే రాయండి. మీ ఉత్తరం ప్రకారం అది అలివేలు. గుడికి సంబంధించిన రాతల్లో అలమేలుమంగ అన్నది నిలిచిన రూపం. అక్కడ 'అలమేలుమంగా సమేత' అని దీర్ఘం కనిపిస్తే అది సంస్కృత సమాసంలో చేరినందువల్ల వచ్చింది, పిల్ల పేరుకు ఆ దీర్ఘం అక్కర్లేదు. విభక్తి చేర్చేటప్పుడు అలివేలుకు, అలివేలుతో అనండి. చేతివేలికి అన్నట్టు 'అలివేలికి' అనకూడదు. అమ్మ చేరితే ఉకారం లోపించి అలివేలమ్మ అవుతుంది.

రోమన్ లిపిలో మాత్రం ఒక చిక్కుంది. మామూలుగా రాస్తే మొదటి ఐదక్షరాలూ కలిసి 'బతికి ఉన్న' అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాట అవుతాయి. తెలుగు రానివాళ్లు 'అలైవ్‌లు' అని చదువుతారు. 'వే' దీర్ఘం కోసం e అనే అక్షరాన్ని రెండుసార్లు వేస్తే 'అలివీలు' అవుతుంది. పాప చదువు దేశం బయట సాగే అవకాశముంటే కాగితాల్లో అలమేలు రాయించి ఇంట్లో అలివేలు అని పిలుచుకోవచ్చు. ఏది రాయించినా జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రిజిస్టరు మూడింట్లోనూ ఒకే వర్ణక్రమం ఉండాలి. మంగను ఒకచోట కలిపి, ఒకచోట విడదీసి రాస్తే అది ఇంటిపేరు గడిలోకి జారిపోతుంది. ఇంట్లో మాట కుదరకపోతే తొందరపడకండి. పేరు లేకుండా పుట్టుక నమోదు చేయించినా, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.

బారసాలనాడు పళ్లెంలో బియ్యం మీద రాసేటప్పుడు మాత్రం అలివేలు దగ్గర ఆపకండి, మంగ కూడా రాయించండి.