బెంగళూరు పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్)లో పొద్దున లేచేసరికి చేతుల నిండా దద్దుర్లు. దోమలా, నల్లులా? నల్లులైతే వదిలేదెలా?

దద్దుర్లు చూసి తేల్చుకోలేరు, టార్చి తీసుకుని పరుపు ఎత్తండి. బీటీఎం లేఅవుట్‌లో సెకండ్ హ్యాండ్ మంచం కొన్నాక, నేను మూడు వారాలు దోమలనే తిట్టుకున్నాను. పక్కనే పడుకునే రూమ్మేట్‌కి ఒక్క దద్దురు కూడా లేదు మరి! కొందరికి నల్లి కుట్టినా ఒంటి మీద ఏమీ తేలదని తర్వాత తెలిసింది. చివరికి ఓనరాంటీ పరుపు చూసి "తిగణె" అంది. కన్నడంలో నల్లి అన్నమాట.

పరుపు కుట్టు అంచుల్లో, మంచం మూలల్లో మిరియాల పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటాయి. తడి దూదితో రుద్దితే ఎర్రమట్టి రంగులో పాకుతాయి. అది అరిగిన రక్తం. ఎదిగిన నల్లి పెసరబద్దంత ఉంటుంది, పల్చగా, గోధుమ రంగులో. ఎగరదు, గెంతదు.

మా అమ్మ ఫోన్లో "పరుపు ఎండలో వెయ్యరా" అంది. కర్నూలులో మే ఎండకి, నులక మంచం మీద పోసే మరిగే నీళ్లకి అలవాటుపడ్డ సలహా అది. జులైలో బెంగళూరు ముసురులో ఏం ఎండ? నల్లులు, గుడ్లు చావాలంటే కుట్ల లోపలికి 50 డిగ్రీల వేడైనా చేరాలి. తర్వాత షాపులో స్ప్రే కొట్టాను. రెండు రోజులు హాయిగా పడుకున్నా, మూడోనాటికి స్విచ్‌బోర్డు వెనక నుంచి దిగాయి. ఇప్పుడు చాలా నల్లులు ఆ మందులకు మొండికేశాయి, గుడ్లనైతే అవి పెద్దగా ఏమీ చెయ్యవు.

పని చేసింది మంచం విప్పడం. స్క్రూ రంధ్రాల్లో గుంపులు గుంపులుగా ఉన్నాయి, చెప్పాలంటే కడుపులో తిప్పింది. బట్టల స్టీమర్‌ని అతుకుల వెంట మెల్లగా జరిపాను, గబగబా ఆడిస్తే వేడి లోపలికి దిగదు. దుప్పట్లు, బట్టలు మెషీన్‌లో 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, కవర్లలో మూతి కట్టి పెట్టాం. పెస్ట్ కంట్రోల్ వాళ్లను రెండు వారాల తేడాతో రెండుసార్లు పిలిచాం. గుడ్లు పిల్లలయ్యేది వారం, పది రోజుల్లో కాబట్టి రెండో విడత తప్పదు. డబ్బు మిగులుతుందని అది మానెయ్యకండి.

మీది పీజీ కాబట్టి పక్క గదులకూ మందు కొట్టమని గట్టిగా అడగండి, వైర్ల సందుల్లోంచి మళ్లీ వస్తాయి. మీరు వేరే గదిలో పడుకుంటే అక్కడికీ మోసుకెళ్తారు. ఖాళీ పెట్టినా లాభం లేదు, తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. వీటివల్ల జబ్బులు అంటుకుంటాయని టెన్షన్ మాత్రం పడకండి, దురదే అసలు బాధ.

ఊరెళ్లేముందు బ్యాగు జిప్పుల దగ్గర కూడా చూసుకోండి. సంక్రాంతికి మా అమ్మ నా బ్యాగును వాకిట్లోనే ఆపేసింది, లోపలున్న కొత్త చొక్కాతో సహా వేడినీళ్లలో ముంచింది.